జున్నుపాల పొడి మింగితే ఒంటికి పడుతుందా?

నర్సంపేట వైపు ఊళ్లలో బర్రె ఈనితే ఇరుగుపొరుగుకు జున్నుపాలు పోయడం ఇప్పటికీ ఉంది. ఆ ముర్రుపాలే ఇప్పుడు పొడిగా, క్యాప్సూళ్లుగా హన్మకొండ దుకాణాల్లోకి వచ్చాయి. ఇమ్యూనిటీ పెరుగుతుందని, కండ పడుతుందని చెప్పి అమ్ముతున్నారు. మొన్న మా బంధువు ఒకాయన డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇది పనిచేస్తదా?" అని అడిగాడు.

జవాబు దూడ దగ్గర మొదలవుతుంది. ఆవైనా బర్రైనా, తల్లి యాంటీబాడీలు, అంటే రోగక్రిములతో పోరాడే ప్రోటీన్లు, మాయ దాటి కడుపులోని పిల్లకు చేరవు. అందుకే ముర్రుపాలలో అవి అంత దండిగా ఉంటాయి. పుట్టిన తొలి గంటల్లో దూడ పేగు వాటిని అరిగించకుండా అట్లాగే రక్తంలోకి పంపుతుంది. రోజు తిరిగేసరికి ఆ దారి మూసుకుపోతుంది. నలభై ఏళ్ల మనిషికి ఆ దారి ఎక్కడిది? పప్పును అరిగించినట్టే పొట్ట ఈ ప్రోటీన్‌నూ చాలావరకు ముక్కలు చేస్తుంది. కండ పెంచుతుందని చెప్పే ఐజీఎఫ్-1 అనే ముర్రుపాల హార్మోన్‌దీ అదే గతి.

అంతా మోసమని మాత్రం అనను. కొంత భాగం అరగకుండా పేగుదాకా చేరుతుంది, అక్కడే పనిచేయగలదు. విరేచనాలు పుట్టించే ఈ.కోలై అనే క్రిమికి వ్యతిరేకంగా టీకాలు వేసిన ఆవుల ముర్రుపాల యాంటీబాడీలు, ఆ క్రిమిని మింగిన వాలంటీర్లను కాపాడాయని 1988లో ఒక పరిశోధన తేల్చింది. కానీ అవి ఆ ఒక్క క్రిమి కోసం తయారైనవి. మామూలు డబ్బాకు పాలిచ్చిన ఆవు ఏ క్రిముల్ని చూసిందో మనకెవరు చెప్తారు? కసరత్తు ఎక్కువ చేసే ఆటగాళ్లకు జలుబు కాస్త తగ్గిందని కొన్ని చిన్న అధ్యయనాలున్నాయి. షుగరు, బీపీ మాత్రల మధ్య దీన్నీ మింగుతున్న మా బంధువు ఆటగాడేం కాదు. పాలు పడనివాళ్లయితే దీని జోలికే పోకూడదు. డబ్బా మీద 'ఇమ్యూనిటీ' అని వేలెడు అక్షరాలు. మందుగా వాడేది కాదన్న మాట వెనకవైపు, కళ్లద్దాలు పెట్టుకుంటే గానీ కనపడదు.

మరి ఇంట్లో జున్ను? బెల్లం, మిరియాలు, యాలకుల పొడి వేసి ఆవిరి మీద పెడితే గట్టిపడుతుంది కదా, ఆ గడ్డకట్టే ప్రోటీన్లలో ఈ యాంటీబాడీలదే పెద్ద వాటా. అంటే జున్ను అయ్యేసరికి అవి ఉడికిపోయినట్టే. బలమైన తిండి, రుచి సంగతి చెప్పనక్కర్లేదు. మా అమ్మకు ఈ లెక్కలేవీ తెలియవు. అయినా దుడ్డె కడుపునిండా తాగిందాకా గిన్నె పట్టనిచ్చేది కాదు.