గిద్యోను గారి గొఱ్ఱెబొచ్చుకు బహిరంగ లేఖ

ప్రభువునందు మిక్కిలి గౌరవనీయులైన గొఱ్ఱెబొచ్చు గారికి,

వందనములు. మీరు క్షేమంగాను, అడిగినవారి అవసరాన్ని బట్టి తడిగానో పొడిగానో ఉన్నారని తలుస్తున్నాను. న్యాయాధిపతుల గ్రంథం ఆరో అధ్యాయంలో, 36 నుంచి 40 వరకు ఉన్న ఐదు వచనాల్లో మీ చరిత్ర మొదలై ముగిసిపోయింది. దేవుడు తన చేత ఇశ్రాయేలును రక్షిస్తాడనడానికి గుర్తు కావాలని గిద్యోను మిమ్మల్ని కళ్ళంలో పరిస్తే, ఒక రాత్రి నేల ఆరి ఉండగా మీరు తడిశారు, మరుసటి రాత్రి నేల తడిసి ఉండగా మీరు పొడిగా ఉన్నారు. రెండు రాత్రుల కొలువుకు మూడు వేల ఏళ్ళుగా పింఛను పుచ్చుకుంటున్నవారు ఈ లోకంలో మీరు తప్ప మరొకరు లేరు. ఆ పింఛనులో నా వంతు ఇరవై రెండేళ్ళ పాటు క్రమం తప్పకుండా చెల్లించిన మనిషిని కనుక, కొంచెం చనువు తీసుకుని ఈ లేఖ రాస్తున్నాను.

మన పరిచయం నా ఇరవయ్యో ఏట జరిగింది. యౌవనస్థుల కూడికలో ప్రసంగీకుడు మా వైపు వేలు చూపించి, "నీ జీవితం పట్ల దేవుని ఉద్దేశం ఏమిటో నీకు తెలుసా?" అని అడిగాడు. తెలియనివాళ్ళందరం ముందుకు వెళ్ళి మోకరించాము. లేచేటప్పటికి కూడా తెలియలేదు. ఆ రాత్రే మిమ్మల్ని మొదటిసారి నేల మీద పరిచాను. తెల్లవారేలోపు వర్షం కురిస్తే సేవకు వెళతాను, కురవకపోతే చదువు కొనసాగిస్తాను అని దేవునితో ఒప్పందం చేసుకున్నాను. అది నడి ఎండాకాలమన్న సంగతి ఆయనకు తెలియదనుకున్నానో, తెలిసినా మొహమాటానికి ఒప్పుకుంటాడనుకున్నానో ఇప్పుడు చెప్పలేను.

ఆ తర్వాత మీకు తీరిక లేకుండా చేశాను. ఉద్యోగం మారాలా వద్దా, అప్పు చేసి ఇల్లు కొనాలా వద్దా, సంఘంలో పెద్దగా నిలబడమంటే నిలబడాలా వద్దా అని ప్రతి మలుపులోను మిమ్మల్ని తెచ్చి పరిచాను. నచ్చిన జవాబు వస్తే సాక్ష్యం చెప్పాను. నచ్చని జవాబు వస్తే గిద్యోను గారి ఆనవాయితీ గుర్తుకు తెచ్చుకుని రెండో రాత్రి అడిగాను, ఎందుకంటే తడిస్తే నమ్ముతానన్నవాడు తడిసిన తరువాత కూడా "ఈసారి ఆరి చూపించు" అని అడిగినప్పుడు, నాలాంటివాడికి రెండో అవకాశం లేఖనానుసారమైన హక్కే అవుతుంది.

ఇక్కడ మిమ్మల్ని ఒక మాట అడగాలి. మిమ్మల్ని పరచకముందే గిద్యోనుకు తెలియనిది ఏముంది? ఇశ్రాయేలును దోచుకుంటున్న మిద్యానీయులకు భయపడి ద్రాక్షగానుగ చాటున గోధుమలు దుళ్ళగొట్టుకుంటున్నవాణ్ణి దేవుని దూత "పరాక్రమముగల బలాఢ్యుడా" అని పిలిచాడు. వెళ్ళి ఇశ్రాయేలును రక్షించమని, పంపినది నేనేనని యెహోవా సూటిగా చెప్పాడు. 36వ వచనంలో మీ పేరెత్తబోయే ముందు గిద్యోను తానే "నీవు సెలవిచ్చినట్లు" అన్నాడు. అంటే సెలవిచ్చిన సంగతి అతనికి తెలుసు, ఆ సెలవు ఏమిటో కూడా తెలుసు. తెలియక మిమ్మల్ని పరచలేదు. తెలిసినదాన్ని రెండు రాత్రులు వాయిదా వేయడానికి పరిచాడు. దేవుడు ఓర్చుకున్నాడు. ఆయన ఓర్చుకున్నదాన్ని పద్ధతిగా మార్చుకున్నది మేము.

పోనీ, మీ వల్ల అతని భయమైనా తీరిందా అంటే, ఏడో అధ్యాయం అలా చెప్పడం లేదు. అతని సైన్యం 32,000 మంది నుంచి 10,000 అయి, చివరకు 300 మంది మిగిలిన రాత్రి, శత్రువుల దండులోకి దిగి వెళ్ళడానికి భయమైతే పనివాడైన పూరాను తోడు తీసుకుని వెళ్ళమని దేవుడు అంటే, గిద్యోను పూరాను వెంటబెట్టుకునే దిగాడు. ఒక పాత్ర నిండా మంచునీళ్ళు పిండుకున్నవాడికి కూడా భయం అలాగే ఉంది. అక్కడ అతనికి ధైర్యం ఇచ్చినది శత్రువుల గుడారంలో ఒకడు చెప్పుకుంటున్న యవల రొట్టె కల. ఆ కలను అతను అడగనే లేదు.

మీకు ఇద్దరు సహాయకులు కూడా ఉన్నారు, వారిని విడిచిపెట్టి మిమ్మల్ని ఒక్కరినే నిందించడం న్యాయం కాదు. ఒకరు "తెరిచిన తలుపు" గారు, మరొకరు "హృదయంలో సమాధానం" గారు. తలుపు తెరుచుకుంటే దేవుని చిత్తమనీ, మనసులో సమాధానం ఉంటే అది ఖాయమనీ మేము ఒకరికొకరం ధైర్యం చెప్పుకుంటాము. యోనా నీనెవెకు వెళ్ళమన్న దేవుని మాట తప్పించుకుని పారిపోవాలనుకుని యొప్పేకు చేరేసరికి తర్షీషు ఓడ సిద్ధంగా ఉంది, టిక్కెట్టుకు డబ్బూ ఉంది. అంతకంటే విశాలంగా తెరిచిన తలుపు పాత నిబంధనలో వెతికినా దొరకదు. సమాధానం సంగతంటారా, తుపానులో నావికులు తలా ఒక దేవుణ్ణి కేకలు వేసి పిలుస్తుంటే, ఆయన ఓడ అడుగున గాఢనిద్రలో ఉన్నాడు. గెత్సేమనేలో యేసుకు రక్తబిందువుల వంటి చెమట కారిన ఆ రాత్రికి మా కొలత పెడితే, అది దేవుని చిత్తం కాదని మా సంఘంలో సగం మంది తీర్మానించేవారు.

మీ బంధువర్గంలో చీట్ల శాఖ గురించి కూడా చెప్పుకోవాలి. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ 1737 మార్చిలో, అమెరికాలోని జార్జియా వలసలో, సవాన్నాలో సేవ చేస్తున్నప్పుడు, సోఫియా హాప్కీ అనే యువతిని పెళ్ళాడాలా వద్దా అన్నది తేల్చుకోలేక చీట్లు వేయించాడు. ఒకదానిలో పెళ్ళి చేసుకోమని, రెండోదానిలో ఈ ఏడాది ఆ ఊసు వద్దని, మూడోదానిలో ఇక ఎన్నటికీ తలపెట్టవద్దని ఉంది. మూడోది వచ్చింది. పది రోజులు తిరగకుండానే ఆమె మరొకరిని పెళ్ళాడింది. కొన్ని నెలలకు వెస్లీ ఆమెకు ప్రభువు బల్ల నిరాకరించాడు, ఆమె భర్త దావా వేశాడు, ఆ డిసెంబరులోనే వెస్లీ ఓడెక్కి ఇంటిదారి పట్టాడు. చీటీని దైవచిత్తంగా చేతిలోకి తీసుకోవడం వేరు, మనసులోకి తీసుకోవడం వేరని నాకు అర్థమయింది. ఆయన జీవితం మలుపు తిరిగిన సాయంత్రం 1738 మే 24న వచ్చింది. లండనులో ఆల్డర్స్‌గేట్ వీధిలోని ఆ కూడికకు తాను చాలా అయిష్టంగా వెళ్ళానని ఆయనే రాసుకున్నాడు. మీ సహాయకులైన సమాధానం గారు ఆ రోజు సెలవులో ఉన్నట్టున్నారు.

పురుషులతో మీ వ్యాపారం మరీ బాగా సాగుతుందని కూడా గమనించాను. పురుషుల కూడికల్లో మమ్మల్ని సింహాలంటారు, యోధులంటారు, సైన్యాధిపతులంటారు. "పరాక్రమముగల బలాఢ్యుడా" అన్న బిరుదును మేము వెంటనే పుచ్చుకుంటాము, "వెళ్ళుము" అన్న మాట దగ్గరకు వచ్చేసరికి మాత్రం మిమ్మల్ని తెచ్చి పరుస్తాము. జనాంగాలను కదిలించే దర్శనం కోసం వరండాలో కనిపెట్టుకుని ఉన్న సింహానికి, లోపల పసిబిడ్డ ఏడుస్తున్న చప్పుడు వినిపించదు. మార్టిన్ లూథర్ 1522లోనే ఈ సంగతి గురించి రాశాడు. తండ్రి బిడ్డ గుడ్డలు ఉతుకుతుంటే లోకులు ఆడంగివాడని నవ్వవచ్చు గాని, అతను విశ్వాసంతో ఆ పని చేస్తుంటే దేవుడు తన దూతలందరితో కలిసి సంతోషంగా చిరునవ్వు నవ్వుతాడన్నాడు. ఆ మాటను ఏ పురుషుల కూడికలోనూ గోడ మీద రాసిపెట్టగా నేను చూడలేదు.

ఇక నా సొంత నేరానికి వస్తాను. మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా అయ్యగారు నన్ను గుమ్మం దగ్గర ఆపి, "బ్రదర్, మన సంఘంలోని తాతగారికి చూపు పూర్తిగా పోయింది. భార్య పోయినప్పటి నుంచి ఒంటరిగా ఉంటున్నారు. శనివారం సాయంత్రాలు ఒక గంట వెళ్ళి బైబిలు చదివి వినిపిస్తారా?" అని అడిగారు.

"ప్రార్థించి చెబుతానండి, అయ్యగారూ" అన్నాను.

క్రైస్తవ పురుషుల భాషలో ఈ వాక్యానికి అర్థం "కుదరదు" అని. కుదరదన్నవాణ్ణి రెండోసారి అడగవచ్చు. ప్రార్థించి చెబుతానన్నవాణ్ణి అడిగితే దేవునికీ భక్తునికీ మధ్య తలదూర్చినట్టవుతుంది. అయితే నేను మాట తప్పే మనిషిని కాను, నిజంగానే ప్రార్థించాను. శనివారం ఐదింటిలోపు ఆఫీసు నుంచి బయటపడగలిగితే వెళతానని మిమ్మల్ని పరిచాను. మొదటి శనివారం ఐదుంబావు అయింది. రెండో శనివారం ఐదూ పది. మూడో శనివారం నాలుగున్నరకే పని ముగిసిపోవడంతో కంగారుపడి, ఆనవాయితీ ప్రకారం గుర్తును తిరగేసి, ఈసారి ఆలస్యమైతేనే వెళతానని మార్చాను. ఇలా తొమ్మిది వారాలు గడిచాయి. ఒక ఉదయం నేను మోకాళ్ళ మీద నుంచి లేస్తుంటే నా భార్య, "అడగడానికి పట్టే సమయం కంటే వెళ్ళి రావడానికి పట్టే సమయమే తక్కువ కదండీ" అంది. ఆమెకు ఆత్మీయ విషయాల్లో ఇంకా లోతు రావాలని ఆ రోజు అనుకున్నాను.

అయినా వెళ్ళాను. తాతగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. చొక్కా బొత్తాలు ఒక కాజా తప్పి పెట్టుకోవడంతో ఒక పక్క అంచు కిందికి వేలాడుతోంది. ఒళ్ళో పెద్ద అక్షరాల బైబిలు, తెరిచిన పేజీ మీద భూతద్దం. చూపు పోయాక కూడా ఆయన దాన్ని అక్కడి నుంచి తీయలేదు. దాని అడుగున ఒక మాట ఉబ్బెత్తుగా కనిపిస్తోంది గాని, చూడవలసిన కళ్ళు కిటికీ వైపు తిరిగి ఉన్నాయి. ఏం చదవమంటారని అడిగితే, యిర్మీయా ఇరవై తొమ్మిది అన్నారు.

సంతోషించాను. 11వ వచనం పదిహేనేళ్ళుగా నా గది గోడ మీద అద్దాల పటంలో ఉంది. సమాధానకరమైన ఉద్దేశాలు, నిరీక్షణ, అంతా నాకు కంఠస్థమే కనుక పేజీ కూడా చూడకుండా అక్కడి నుంచే అందుకున్నాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"నాయనా, అది ఉత్తరం. ఉత్తరాన్ని ఎవరైనా నడిమి నుంచి చదువుతారా?"

మొదటి నుంచి చదివాను. అది యెరూషలేము నుంచి బబులోనుకు, చెరలో ఉన్నవాళ్ళకు యిర్మీయా పంపిన ఉత్తరం. మన భవిష్యత్తు ఏమిటి అని కుమిలిపోతున్నవాళ్ళకు 5వ వచనంలో వచ్చిన దైవనడిపింపు ఏమిటంటే, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి. తర్వాత పెళ్ళిళ్ళు చేసుకోండి, పిల్లల్ని కనండి. తర్వాత, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి. సోదె చెప్పేవాళ్ళనూ కలలనూ నమ్మి మోసపోకండి. 10వ వచనంలో డెబ్బై ఏళ్ళన్న గడువు. ఆ ఉత్తరం విన్న నా ఈడు మగవాళ్ళలో ఒక్కడు కూడా ఆ గడువు దాటి బతికి ఉండడు. అప్పుడు గాని నా పటంలోని వచనం రాలేదు. పదిహేనేళ్ళుగా గోడ మీద వేలాడుతున్నది తోట నాటమన్న ఉత్తరంలోని ముక్క అని తెలియక, నేను దాని ముందు నిలబడి నా పదోన్నతి గురించి ప్రార్థిస్తూ వచ్చాను.

బొత్తాలు విప్పి సరిగా పెడుతూ, మాటల్లో మాటగా అడిగేశాను. "తాతగారూ, దేవుని చిత్తం ఎలా తెలుసుకోవాలండీ?"

"మొదటి థెస్సలొనీక నాలుగు మూడు చదువు."

చదివాను. "మీరు పరిశుద్ధులగుటయే, అనగా మీరు జారత్వమునకు దూరముగా ఉండుటయే దేవుని చిత్తము" అని ఉంది. నేను ఉద్యోగం సంగతి అడిగితే పౌలు గారు ఇంకేదో చెబుతున్నారనిపించింది.

"ఐదు పద్దెనిమిది కూడా చదువు."

ప్రతి విషయంలోనూ కృతజ్ఞతాస్తుతులు చెల్లించాలట, అదీ దేవుని చిత్తమేనట.

"ఈ రెండూ చేయడం అయిపోయిందా?" అన్నారు.

"లేదండీ."

"మరి మూడోది అప్పుడే ఎందుకు, నాయనా?"

దేవుడు మనుషులను నడిపించడని నేను అనడం లేదు, నా మాటను అలా తిప్పి ప్రచారం చేయకండి. పౌలును ఆసియలో వాక్యం చెప్పకుండా, బితూనియకు పోకుండా ఆత్మ ఆపినప్పుడు ఆయన దుమ్ము కొట్టుకున్న కాళ్ళతో దారిలో ఉన్నాడు, ఇంట్లో మిమ్మల్ని పరుచుకుని కూర్చుని లేడు. మాసిదోనియ రమ్మని దర్శనం వచ్చింది. ఫిలిప్పీకి వెళితే బెత్తాల దెబ్బలు, చెరసాల, కాళ్ళకు బొండ. ఆ దర్శనం నాది కాదేమో అని ఆయన రెండో రాత్రి అడిగినట్టు లూకా రాయలేదు. యేసును అప్పగించిన యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకోవడానికి శిష్యులు చీట్లు వేసిన మాట నిజమే గాని, అది పెంతెకొస్తుకు ముందు. ఆత్మ దిగి వచ్చాక వాళ్ళలో ఎవరూ మళ్ళీ చీట్ల జోలికి పోయిన దాఖలా కొత్త నిబంధనలో లేదు.

నాకు దర్శనం ఇంకా రాలేదు. అదే లెక్కల ఉద్యోగం, అదే కుర్చీ. శనివారం సాయంత్రం మాత్రం ఆఫీసులో ఎన్నింటికి లేచానో చూసుకోవడం మానేశాను. మొన్నటి శనివారం వరసలో న్యాయాధిపతులు ఆరో అధ్యాయం వచ్చింది. మీ ప్రసక్తి దగ్గర నా గొంతు కొంచెం తగ్గడం తాతగారు కనిపెట్టారో లేదో తెలియదు. 40వ వచనం చదివి పుస్తకం మూయబోతుంటే, ఆయన కాసేపు ఆలోచించి, "గిద్యోను పిండిన ఆ పాత్రెడు నీళ్ళు ఏం చేశాడంటావు?" అని అడిగారు.

వెనక్కి వెళ్ళి చూశాను. దాహానికి తాగినట్టు లేదు, పశువులకు పోసినట్టు లేదు, కనీసం పారబోసినట్టు కూడా లేదు. అధ్యాయం మారిపోయింది. నేను ఇరవై రెండేళ్ళలో పిండుకున్న పాత్రలను తలుచుకుంటూ ఇంటికి వచ్చి ఈ లేఖకు కూర్చున్నాను. ఆ ఉదయం అక్కడ ఉన్నవారు మీరు కాబట్టి, ఆ నీళ్ళు ఏమయ్యాయో మీకు తెలిసి ఉంటుంది. దయచేసి జవాబు రాయండి, మంచుతో కాకుండా మాటల్లో రాయండి. శనివారం ఆయనకు చదివి వినిపించాలి.

ఇట్లు,
ప్రార్థించి చెబుతానన్నవాడు