టేబుల్ మీద కొండారెడ్డి బురుజు

మెడనొప్పి మొదలై నెల దాటింది. అమృతాంజనం రెండో సీసా కూడా అడుగంటింది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే మా అమ్మాయి ఫోన్లోనే వైద్యం చెప్పింది.

"నాన్నా, స్క్రీన్ చేయి చాపినంత దూరంలో ఉండాల. దాని పైఅంచు కంటికి సమానంగా ఉండాల. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో దేన్నైనా 20 సెకన్లు చూడు. స్క్రీన్ ముందు రెప్ప వేయడం తగ్గిపోతాది, అందుకే కండ్లు మండేది. బాగా రెప్పలు ఆడించు."

మర్నాడు ఆఫీసులో బీరువా పక్కన దుమ్ము పట్టిన రిజిస్టర్లు నాలుగు తెచ్చి మానిటర్ కింద పేర్చాను. జానెడు ఎత్తు లేచింది. "ఏం సార్, కర్నూల్లో ఒక కొండారెడ్డి బురుజు చాల్లేదా?" అన్నాడు అటెండరు.

ఫోన్లో అలారం పెట్టుకున్నాను. మోగింది. నా సీటు నుంచి 20 అడుగులంటే సరిగ్గా జనం కూర్చునే బెంచీ. దాని మీద కోడుమూరు పెద్దాయన. ఏదో నకలు కోసం పదిహేను రోజులుగా తిరుగుతున్నాడు. 1987 రిజిస్టర్ దొరకలేదని రెండుసార్లు తిప్పి పంపింది నేనే. ఒక మనిషిని చూస్తూ రెప్పలాడిస్తూ కూర్చుంటే 20 సెకన్లు ఎంత పొడుగో అప్పుడు తెలిసింది.

పెద్దాయన లేచి వచ్చాడు. "పిల్చినారా సార్?"

"లేదు పెద్దాయనా, కండ్లకు మంచిదని చూస్తున్నా."

ఏమర్థమైందో, పోయి కూర్చున్నాడు. 20 నిమిషాలకు మళ్లీ అలారం, మళ్లీ రెప్పలు, మళ్లీ పెద్దాయన. మధ్యాహ్నానికి మెడ తగ్గకపోగా కొయ్యబారింది. బురుజు కింద నిలబడి పైకి చూసేవాడిలా గడ్డం ఎత్తితే తప్ప అక్షరం కనబడటం లేదు.

నాలుగోసారి వచ్చినవాడు వెనక్కి పోలేదు. కౌంటరు మీదికి వంగాడు.

"సార్, మీరు నన్ను చూస్తాండారు, నేను దీన్ని చూస్తాండా. మీ టీవీ కింద, అన్నిటికంటే అడుగున, 1987 అని రాసుండాది."

అటెండరు మానిటర్ ఎత్తి పట్టుకున్నాడు, నేను లాగాను. అదే. ఆ ఊపులో మిగతా మూడూ జారి కిందపడ్డాయి. మానిటర్‌ను టేబుల్ మీదే దించాం. చిత్రంగా నా గడ్డం కూడా దానంతటదే దిగింది, అక్షరాలు తేటగా కనబడ్డాయి. అమ్మాయికి ఫోన్ చేస్తే అరిచింది. "నువ్వు బైఫోకల్ కదా నాన్నా! కింది అద్దంలోంచి చూసేవాళ్లకు స్క్రీన్ కిందికే ఉండాల. మర్చేపోతి!"

నకలు చేతికిచ్చాను. పెద్దాయన మడిచి జేబులో పెట్టుకుని, పోయి మళ్లీ బెంచీ మీదే కూర్చున్నాడు.

"ఇంకేం పెద్దాయనా?"

"బస్సుకు ఇంగా టైముంది సార్. మీ ఫోను మోగుతాది కదా, ఇంకోతూరి చూసుకోండి. పోతా."