వడకట్టిన నెత్తురు

తండ్రి ప్రాణాపాయంలో ఉన్నాడు. ఆయనది అరుదైన నెత్తురు. కొడుకుది సరిపోతుంది కానీ, అందులో తల్లి వైపు నుంచి వచ్చిన మానవ అంశాన్ని ముందుగా వడకట్టాలి. 1967 నవంబరు 17న అమెరికా టీవీలో వచ్చిన ‘స్టార్ ట్రెక్’ ధారావాహికలో సన్నివేశమిది. తండ్రి సారెక్ వల్కన్ గ్రహవాసి, తల్లి అమాండా భూలోకపు మనిషి, కొడుకు స్పాక్.

అంతకు అయిదు నెలల ముందే, జూన్ 12న, ఆ దేశ సుప్రీంకోర్టు రిచర్డ్, మిల్‌డ్రెడ్ లవింగ్ దంపతుల కేసులో తీర్పు చెప్పింది. 1958లో వర్జీనియా పోలీసులు అర్ధరాత్రి దాటాక ఇంట్లోకి జొరబడి, పడకమీద నుంచే ఆ జంటను పట్టుకుపోయారు. భర్త తెల్లవాడు. భార్యలో నల్లజాతి, అమెరికన్ ఆదివాసీ మూలాలు రెండూ ఉన్నాయి. తెల్లవాళ్లు ఇతర జాతులవారిని పెళ్లాడటాన్ని నేరం చేసిన అక్కడి చట్టానికి అంత వివరం అక్కర్లేదు, ఆమె తెల్లది కాదు, అంతే. దేవుడు జాతుల్ని వేర్వేరు ఖండాల్లో పెట్టింది కలవకూడదనేనని కింది కోర్టు జడ్జి సెలవిచ్చాడు. సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టేసేనాటికి వర్జీనియాతో కలిపి 16 రాష్ట్రాల్లో అలాంటివి అమల్లో ఉన్నాయి.

బయట ఇంత జరుగుతుంటే, తెరమీద కలగలుపు సంతానం వేరే గ్రహం నుంచి దిగిరావలసి వచ్చింది. ఆ గ్రహాంతరవాసి చెవులు చూసి కూడా, ధారావాహికను ప్రసారం చేసిన టీవీ సంస్థ ఎన్‌బీసీ జడిసింది. ప్రకటనదారులకు పంచిన పుస్తకంలో స్పాక్ మొన చెవుల్ని చెరిపి గుండ్రంగా దిద్దించింది. అయినా అతనే జనానికి నచ్చాడు. మా అభ్యంతరం చెవులతో కాదు, నెత్తురుతోనే. స్పాక్ బాధంతా అతని ఒంట్లోనే పుట్టినట్టు ఆ కథలు చూపాయి. ఒక సగం తర్కం, ఒక సగం కన్నీరు, రెంటికీ నిత్యం కుమ్ములాట. అమ్మను ప్రేమిస్తున్నానని ఎన్నడూ చెప్పలేకపోయానని ఒకచోట కుమిలి ఏడుస్తాడు. గొప్ప సన్నివేశమే. కానీ లవింగ్ పిల్లల నరాల్లో ఏ యుద్ధమూ లేదు, తలుపు తోసుకొచ్చింది షెరీఫ్.

ఈ తేడాను స్పాక్ వేషం కట్టిన నటుడు పట్టుకున్నాడనే చెప్పాలి. తల్లి నల్లజాతి, తండ్రి తెల్లవాడు అయిన ఓ బాలిక తనను ఎవరూ కలుపుకోవడం లేదని 1968లో ఓ పత్రిక ద్వారా స్పాక్‌కు ఉత్తరం రాసింది. లియొనార్డ్ నిమోయ్ సావకాశంగా జవాబిచ్చాడు. స్పాక్‌ను చిన్నప్పుడు వల్కన్ పిల్లలు ఎలా వెలివేశారో, పదిమంది మెప్పుకోసం పాకులాడటం మాని తనను తాను ఎలా నిలబెట్టుకున్నాడో చెప్పాడు. అందులో వడకట్టడం ఊసే లేదు.

కామిక్స్ ఈ దారికి రావడానికి చాలా కాలం పట్టింది. మెక్సికన్, ఐరిష్ మూలాల మిగెల్ ఓహారా 1992లోనే స్పైడర్‌మ్యాన్ వేషం కట్టినా, ప్రపంచం గుర్తించింది 2011 ఆగస్టులో వచ్చిన మైల్స్ మొరాలెస్‌ను. నాన్న ఆఫ్రికన్ అమెరికన్, అమ్మ పోర్టోరికో సంతతి. పత్రికలు వెంటనే ‘నల్ల స్పైడర్‌మ్యాన్’ అని శీర్షికలు పెట్టేశాయి. అమ్మ వాటా అక్కడే ఆవిరైపోయింది!

మైల్స్ కథతో 2023లో వచ్చిన యానిమేషన్ సినిమాలో ఓ చిన్న సన్నివేశం ఈ జాడ్యాన్ని భలే పట్టుకుంది. కష్టాల్లో ఉన్న వలస కుటుంబపు బిడ్డనని కాలేజీ దరఖాస్తులో రాసుకొమ్మని బడి కౌన్సెలర్ సలహా ఇస్తుంది. పోర్టోరికో అమెరికాలోదేనమ్మా అని తల్లి గుర్తుచేయాల్సి వస్తుంది. ఆ తల్లికి నిజంగా కడుపుమండింది వేరేచోట: కొడుక్కి స్పానిష్‌లో బి గ్రేడు వచ్చింది. అదే సినిమాలో నిన్ను కుట్టిన సాలీడే ఈ లోకానిది కాదు, నువ్వు ఉండాల్సినవాడివే కాదని మైల్స్‌ను తరిమేది ఎవరనుకున్నారు? మిగెల్ ఓహారాయే. గీత దాటి పుట్టినవాడే గీతకు కాపలాదారుడయ్యాడు. ఇలాంటి వాళ్లను మనం ఎరగమా?

2000కు ముందు అమెరికా జనగణనలో ఒక్క జాతి గడిలోనే టిక్కు పెట్టాల్సి వచ్చేది. 2020లో ఒకటి కంటే ఎక్కువ జాతుల కింద నమోదైనవారు 3.38 కోట్లు, జనాభాలో 10.2 శాతం. లెక్కింపు పద్ధతి మారడం వల్ల కూడా ఈ సంఖ్య పెరిగింది. వారిలో మన అమ్మాయిల, అబ్బాయిల బిడ్డలూ ఉన్నారు. మనకున్న మాటేమో ‘సంకరం’. పాలకు సంకరజాతి ఆవు ముద్దు, పొలానికి సంకర విత్తనం ముద్దు. మనుషుల దగ్గరికొచ్చేసరికి అర్జునుడి నోట వచ్చిన వర్ణసంకర భయమే గుర్తొస్తుంది. ఉషా చిలుకూరి భర్త జేడీ వాన్స్ 2024లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీపడగానే తెలుగింటి అల్లుడని పత్రికలు మురిసిపోయాయి. అప్పుడే శ్వేతజాత్యహంకారులు ఆ కుటుంబం మీద బాహాటంగా నోరు పారేసుకుంటే, ఆ మురిపెం ముందు అది చిన్న వార్తయింది. ఏ పదవీ లేని అల్లుడి బిడ్డలు సెలవులకు ఊరొచ్చినప్పుడు మాత్రం గడప దగ్గరే గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూస్తాం, ఇందులో మనవాళ్ల పోలిక ఎంతుందోనని.