రెండో కాలేజీలోనూ కప్పు కొట్టింది ఇద్దరే, ఎందుకని?

2004 జనవరి 4న న్యూ ఆర్లీన్స్ సూపర్‌డోమ్‌లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు ఓక్లహోమాను 21–14తో ఓడించి జాతీయ టైటిల్ పట్టుకుపోయింది. కోచ్ నిక్ సేబన్‌ను ఆ రాష్ట్రం నెత్తిన పెట్టుకుంది. ఎనిమిదేళ్లు తిరిగాయి. 2012 జనవరి 9న మళ్లీ అదే స్టేడియం, మళ్లీ లూసియానా స్టేట్, మళ్లీ జాతీయ ఫైనల్. ఈసారి సేబన్ అవతలి గట్టున, అలబామా కోచ్‌గా ఉన్నాడు. ఆ సీజన్‌లో పదమూడుకు పదమూడు మ్యాచ్‌లూ గెలిచి వచ్చిన లూసియానా జట్టు ఆ రాత్రి ఒక్క పాయింటూ చేయలేదు. స్కోరు 21–0.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని ఢీకొనే అమెరికన్ ఆట. పిల్లలు అమెరికాలో చదివే ఇళ్లలో ఈ సంగతి చెప్పక్కర్లేదు. శనివారం మ్యాచ్ ఉంటే యూనివర్సిటీ ఊళ్లో కారు పెట్టడానికి చోటు దొరకదని వాళ్లు ఫోన్లో చెప్పే ఉంటారు.

విలేకరుల ఓటుతో కాలేజీ జట్లకు స్థానాలిచ్చే అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ర్యాంకింగ్స్ 1936లో మొదలయ్యాయి. అప్పటినుంచి ఇప్పటిదాకా పెద్ద డివిజన్‌లో రెండు వేర్వేరు కాలేజీలను జాతీయ విజేతలుగా నిలిపిన కోచ్‌లు ఇద్దరే. ఒకరు సేబన్: లూసియానాలో ఒకటి, అలబామాలో ఆరు. రెండోవాడు అర్బన్ మైయర్: ఫ్లోరిడాలో 2006, 2008 సీజన్లు, ఒహాయో స్టేట్‌లో 2014. అంతకు ముందు హోవర్డ్ జోన్స్ (యేల్, సదరన్ కాలిఫోర్నియా), పాప్ వార్నర్ (పిట్స్‌బర్గ్, స్టాన్‌ఫర్డ్) పేర్లు చెబుతారు. కానీ వాళ్ల కాలంలో విజేతను తేల్చే పద్ధతే వేరు, దాన్ని పక్కన పెడదాం.

తొంభై ఏళ్లలో ఇద్దరే అనగానే వీళ్లిద్దరూ మిగతావాళ్లకు అందనంత మేధావులని తీర్పు ఇచ్చేస్తారు. మేధావులే, కాదనను. కానీ ఆ జాబితా కొలిచేది ప్రతిభను కాదు, అవకాశాన్ని అని నా అభిప్రాయం.

ఎలాగంటే, టైటిల్ గెలిచిన కోచ్‌కు ఊరు మారాల్సిన అవసరమే ఉండదు. జీతం పెంచుతారు, అడిగినవన్నీ కట్టిస్తారు. అతను కదిలాడంటే కారణాలు సాధారణంగా మూడు: ప్రొఫెషనల్ లీగ్ పిలవడం, ఒంట్లో బాగోలేకపోవడం, లేదా ఉద్వాసన. ఉద్వాసన పలికినవాణ్ని పెద్ద కాలేజీలు తలుపు తీసి పిలవవు. 2007లో లూసియానాను గెలిపించిన లెస్ మైల్స్‌కు తర్వాత దొరికింది ఫుట్‌బాల్‌లో ఎప్పుడూ వెనకబడే కాన్సస్. నోటర్‌డామ్‌తో 1988లో గెలిచిన లూ హోల్ట్స్ ఆ తర్వాత సౌత్ కరోలినాకు వెళ్తే మొదటి ఏడాది పదకొండు మ్యాచ్‌లూ ఓడిపోయాడు. తెలివి ఎక్కడికీ పోలేదు, కాళ్ల కింద నేల మారింది.

ఆ ఇద్దరి దారి చూడండి. ఎవరూ ఒక కాలేజీ నుంచి నేరుగా రెండో కాలేజీకి దూకలేదు. సేబన్ మయామి డాల్ఫిన్స్‌కు వెళ్లి, ప్రొఫెషనల్ లీగ్‌లో రెండేళ్లలో 15 గెలుపులు, 17 ఓటములతో తిరిగొచ్చాడు. మైయర్ ఆరోగ్యం బాగోలేదని ఫ్లోరిడా వదిలి, ఒక సీజన్ టీవీలో విశ్లేషణ చెప్పుకున్నాడు. సరిగ్గా వాళ్లు ఖాళీగా దొరికే వేళకు అలబామాలో ఒక కుర్చీ, ఒహాయోలో ఒక కుర్చీ ఖాళీ అయ్యాయి. రెండూ అంతకు ముందే ఎన్నో టైటిళ్లు చూసిన కాలేజీలు. చుట్టుపక్కల హైస్కూళ్లలో మెరికల్లాంటి కుర్రాళ్లు, స్టేడియంలో లక్షమంది. మన కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల ప్రకటనలు గుర్తొస్తాయి నాకు. ర్యాంకు లెక్చరర్‌దా, ఏరి తెచ్చుకున్న పిల్లలదా? రెండూ కలిస్తేనే ఫొటో పడుతుంది.

అందుకే సేబన్ మిషిగన్ స్టేట్‌లో ఐదేళ్లు పనిచేసినా టైటిల్ దగ్గరికి వెళ్లలేదు. మైయర్ 2004లో యూటా జట్టును ఒక్క ఓటమీ లేకుండా నడిపినా, చిన్న కాన్ఫరెన్స్ (కాలేజీల లీగ్) జట్టు కావడంతో ఫైనల్‌కే పిలవలేదు.

నా వాదనకు అడ్డం తిరిగే కేసూ ఒకటుంది. ఫ్లోరిడా స్టేట్‌తో 2013 టైటిల్ గెలిచిన జింబో ఫిషర్‌ను టెక్సస్ ఎ అండ్ ఎం పదేళ్లకు 7.5 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకుంది. డబ్బుంది, టెక్సస్ నిండా ఆటగాళ్లున్నారు. అయినా టైటిల్ రాలేదు. 2023 నవంబర్‌లో పంపించేశారు, పంపించినందుకు ఇవ్వాల్సిన సొమ్మే 7.5 కోట్ల డాలర్లు దాటింది. కాబట్టి నేల ఒక్కటే చాలదు. ఒప్పుకుంటాను. కానీ నేల లేకుండా గెలిచినవాడు మాత్రం ఆ జాబితాలో ఎవరూ కనబడరు.

జాబితా ఎంత అదృష్టం మీద నిలబడిందో చెప్పడానికి పాతకాలపు కోచ్ బేర్ బ్రయంట్ కథ చాలు. 1950 సీజన్ చివర ఆయన కెంటకీ జట్టు షుగర్ బౌల్‌లో (సీజన్ ముగిశాక ఆడే ప్రత్యేక ‘బౌల్’ మ్యాచ్‌లలో ఒకటి) ఓక్లహోమాను ఓడించి, వాళ్ల 31 వరస విజయాలకు తెర దించింది. అయితే అప్పట్లో ఆఖరి ర్యాంకింగ్స్ బౌల్ మ్యాచ్‌లకు ముందే ప్రకటించేవారు. టైటిల్ అప్పటికే ఓక్లహోమా ఖాతాలో పడిపోయింది. తర్వాత బ్రయంట్ అలబామాలో ఆరుసార్లు గెలిచాడు. ఆ ఓటింగ్ కొన్ని వారాలు ఆలస్యమై ఉంటే ఈ చర్చ వేరేలా ఉండేదేమో. సేబన్ లెక్కలోనూ చిన్న మెలిక ఉంది. 2004 జనవరి ఫైనల్‌తో ముగిసిన ఆ 2003 సీజన్‌కు అసోసియేటెడ్ ప్రెస్ నంబర్ వన్ ఇచ్చింది సదరన్ కాలిఫోర్నియాకు, లూసియానాకు కాదు. పత్రికా విలేకరుల ఓటే ప్రమాణమంటే మిగిలేది మైయర్ ఒక్కడే!

ఇప్పుడు రూల్స్ మారాయి. ఆటగాళ్లు ఏడాది ఆటకు దూరంగా కూర్చోకుండా కాలేజీ మారొచ్చు, 2021 నుంచి తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి సంపాదించుకోవచ్చు. 2021 చివర్లో ఓక్లహోమా కోచ్ లింకన్ రైలీ సదరన్ కాలిఫోర్నియాకు మారితే, కొద్ది నెలలకే తన క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపే ఆటగాడు) కేలెబ్ విలియమ్స్ కూడా వెంట వచ్చేశాడు. అంటే కోచ్ ఇప్పుడు నేలలో కొంత భాగం లారీకెక్కించుకుని వెళ్లగలడు. జాబితా పెరుగుతుందనే అనుకుంటున్నా, కాకపోతే దాని విలువ కాస్త తగ్గుతుంది.

అయినా ఇదివరకే టైటిల్ గెలిచిన కోచ్‌ను తెచ్చుకోవాలన్న తొందరేమీ పెద్ద కాలేజీలకు ఉన్నట్టు లేదు. 2024 జనవరిలో సేబన్ రిటైరయ్యాక అలబామా రెండు రోజుల్లో కొత్త కోచ్‌ను తెచ్చుకుంది. పెద్ద డివిజన్‌లో టైటిల్ గెలిచిన జింబో ఫిషర్ అప్పటికి ఖాళీగానే ఉన్నాడు, పైగా లూసియానాలో సేబన్ దగ్గర పనిచేసినవాడు. అలబామా ఎంచుకుంది కేలెన్ డిబోర్‌ను. ఆ వారమే వాషింగ్టన్ కోచ్‌గా మిషిగన్ చేతిలో ఫైనల్ ఓడిపోయి వచ్చినవాణ్ని.