వడ్డీ రేటు కన్నా కాగితాల పేజీ ముఖ్యం

"హోమ్ లోన్ ఏజెంటుకు వెబ్‌సైట్ ఉంటే చాలు, కస్టమర్లు వాళ్లే వస్తరు" అని హోమ్ లోన్ ఏజెంట్ల సైట్ల మీద వచ్చిన వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. చాలా సైట్లలో పైన పెద్దక్షరాల్లో "అతి తక్కువ వడ్డీ" అని ఉంటది. రెపో (ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే రేటు) మారితే ఆ అంకె పాతబడుతది. బ్యాంకులో వేరే రేటు వినగానే మనిషికి నమ్మకం పోతది. రేటు పెడితే పక్కన తేదీ తప్పకుండా వేయాలె.

హన్మకొండ, కాజీపేట వైపు అసలు చిక్కు కాగితాలది. గ్రామపంచాయతీ లేఅవుట్ ప్లాటుకు లోన్ వస్తదా? ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ ప్లాటును క్రమబద్ధం చేసే ఫీజు) కట్టకపోతే ఎట్ల? లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే సర్టిఫికెట్), కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్ అనుమతి, ఇంటి పర్మిషన్ ప్లాన్: ఒక్కోదానికి తెలుగులో ఒక్కో పేజీ రాయండి. వెతికేవాళ్లు ఈ ప్రశ్నలతోనే వస్తరు.

ఇంకో పేజీ చేతి డబ్బు లెక్కకు. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం లోన్ 30 లక్షల దాకా అయితే ఇంటి విలువలో 90 శాతం, ఆపైన 75 లక్షల దాకా 80 శాతమే గరిష్ఠం. 50 లక్షల ఇంటికి 40 లక్షలకు మించి రాదు. మిగతా 10 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు సొంతంగా చూసుకోవాలె. అడ్వాన్సు ఇచ్చినంక ఇది తెలిస్తే కుటుంబం ఇరుక్కుంటది.

ఫారంలో నాలుగు గడులు చాలు: పేరు, ఫోన్, జీతమా వ్యాపారమా, ఎంత లోన్. ఆధార్, పాన్ అక్కడ అడిగితే సగంలోనే మూసేస్తరు. ఫోన్ నంబరు బొమ్మలో పెట్టకండి, నొక్కితే కాల్ పోదు. కమిషన్ బ్యాంకు ఇస్తదా, కస్టమరు ఇవ్వాల్నా అన్నది కూడా అక్కడే స్పష్టంగా రాయండి.