డ్రెయిన్ ప్లగ్ కారుతుంటే టేపు చుట్టకండి

ఏప్రిల్ 15న సముద్రంలో చేపల వేట నిషేధం మొదలవగానే ఫైబర్ బోట్లన్నీ ఒడ్డెక్కుతాయి, ఇంజన్లు విప్పుతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక వాయిస్ మెసేజ్ మా తీరమంతా ఫోన్లలో తిరుగుతోంది. అందులో చెప్పేది ఇదీ: ఔట్‌బోర్డ్ ఇంజను (బోటు వెనక తగిలించేది) కింది గేర్‌బాక్స్ డ్రెయిన్ ప్లగ్, అంటే ఆయిల్ దింపే రంధ్రానికి బిగించే మర బిరడా, దగ్గర ఆయిల్ కారితే మెకానిక్ అక్కర్లేదు. ప్లగ్‌కి టెఫ్లాన్ టేపు చుట్టి, పానాకి పైపు తొడిగి బిగించి, పైన ఎంసీల్ పెట్టాలి. ఆయిల్ తెల్లబడితే ఉప్పుగాలికి మామూలే. తగ్గినంత పైరంధ్రంలోంచి పోసుకోవాలి.

మెకానిక్ అక్కర్లేదన్న మాటలో కొంత నిజముంది. మిగతాది ఏది పాటించినా ఇంజనుకు చేటే.

టేపు పనికొచ్చేది కుళాయి పైపులకు. ఆ మరలు చివరికి పోనుపోనూ సన్నబడతాయి. బిగించేకొద్దీ మరలో మర ఇరుక్కుని నీటిని ఆపుతుంది, టేపు దానికి సాయం. డ్రెయిన్ ప్లగ్ మర మొదటి నుంచి చివరిదాకా ఒకే లావు. అక్కడ ఆయిల్‌ని ఆపేది మర కాదు, ప్లగ్ తల కింద కూర్చునే చిన్న వాషర్.

పోయిన నిషేధంలో మా బాబాయి ఇంజనుకు ఇలా టేపు చుట్టిన ప్లగ్ నేనే విప్పాను. టేపు పీలికలై ఆయిల్‌తో పాటు బయటికొచ్చింది. "మూడుసార్లు వాషర్ మార్చానురా, అయినా కారుతోంది" అన్నాడు బాబాయి. టార్చి వేసి చూస్తే రంధ్రం అంచున నల్లగా ఒక వలయం కనిపించింది. గోరుతో గీకితే లేచింది. పాత వాషర్! ఎప్పుడో అతుక్కుపోయి అక్కడే ఉండిపోయింది, దాని మీదే కొత్తవి వేస్తూ వచ్చారు. దాన్ని తీసి, అంచు శుభ్రంగా తుడిచి, కొత్తది ఒక్కటే వేశాం. కారడం ఆగింది. ఒకసారి నలిగిన వాషర్ మళ్లీ వాడకూడదు. ప్లగ్ విప్పిన ప్రతిసారీ పైరంధ్రం ప్లగ్‌కీ కింది ప్లగ్‌కీ కొత్తవే వేయాలి.

పానాకి పైపు తొడగడం ఇంకా ప్రమాదం. మన బోట్లకుండే చిన్న ఇంజన్ల ప్లగ్‌కి కావాల్సిన బిగువు సుమారు 7 నుంచి 9 న్యూటన్ మీటర్లు. జానెడు పిడి చివర నాలుగు కిలోల బరువు వేలాడదీస్తే ఎంతో, అంతే. గేర్‌బాక్స్ ఒళ్లు అల్యూమినియం, ప్లగ్ దానికంటే గట్టి లోహం. రెండడుగుల పైపు తొడిగి ఊగితే పోయేది గేర్‌బాక్స్ మరలే. అప్పుడు వాషర్‌తో పోయే పని హెలికాయిల్ (పోయిన మర స్థానంలో కూర్చోబెట్టే తీగచుట్ట) దాకా, ఒక్కోసారి గేర్‌బాక్స్ కేసింగే మార్చేదాకా వెళ్తుంది. ఇక ఎంసీల్, ఆయిల్ జిడ్డు మీద అది నిలవదు.

అన్నిటికంటే భయపడాల్సింది "తెల్లబడితే మామూలే" అన్న మాటకి. గాలికి ఆయిల్ తెల్లబడదు. పాలు కలిపిన కాఫీలా ఉందంటే లోపలికి నీళ్లు చేరినట్టే. ఇంజను నడిచినప్పుడు వేడికి లోపలి ఆయిల్, గాలి ఉబ్బి, సందు దొరికిన చోట ఆయిల్ బయటికొస్తుంది. ఇంజను ఆపాక గేర్‌బాక్స్ సముద్రంలోనే చల్లబడుతుంది, అదే సందులోంచి ఉప్పునీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ నీళ్లతో బేరింగులు తుప్పు పడతాయి. నిషేధం రెండు నెలలూ అలాగే వదిలేస్తే మరీ నష్టం. అందుకే బోటు ఒడ్డెక్కిన వారంలోనే ఆయిల్ దింపి చూడండి. ఇంజను ఒక రాత్రి నిటారుగా నిలబెట్టి, పొద్దున్నే కింది ప్లగ్ కొంచెం వదులు చేస్తే, అడుగున నీళ్లు పేరుకుని ఉంటే ముందు అవే వస్తాయి. ప్లగ్ చివర అయస్కాంతముంటే దానికి మెత్తటి బూడిదలాంటి పొడి అంటుకోవడం మామూలే. ఇనుప రవ్వలు కనిపిస్తే మాత్రం గేర్లు చూపించాలి.

ఆయిల్ పైనుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుంటుంది, నిండిందనుకుంటాం కానీ నిండదు. కింది రంధ్రంలోంచి పంపుతో ఎక్కించాలి. పైరంధ్రంలోంచి బుడగలు లేకుండా ఆయిల్ వచ్చాక ముందు పై ప్లగ్, ఆ వెంటనే కింది ప్లగ్ బిగించాలి.

ఇంత చేశాక కూడా ఆయిల్ తెల్లబడుతుంటే తప్పు ప్లగ్‌ది కాదు. ఫ్యాను (ప్రొపెల్లర్) విప్పి, అది తిరిగే షాఫ్టు చూడండి. వల నైలాన్ దారం చుట్టుకుని, షాఫ్టు చుట్టూ ఆయిల్‌ని ఆపే రబ్బరు సీల్‌ని కోసేయడం మన బోట్లలో చాలా మామూలు. సీల్ దగ్గర కారిన ఆయిల్ కూడా కిందికి జారి ప్లగ్ దగ్గరే చుక్కలు కడుతుంది. సీల్ పోతే మాత్రం మెకానిక్ కావాల్సిందే, అదీ సీల్ మార్చాక గేర్‌బాక్స్‌లోకి గాలి ఎక్కించి లీకు చూసేవాడు. నిషేధం ముగిసే జూన్ 14 దగ్గరపడేదాకా ఆగకుండా ఇప్పుడే తీసుకెళ్లండి.