చోప్ అసలు ఎవరిది అని అడిగేవాళ్ళకి

మా ఫ్యామిలీ గ్రూప్‌లో బాబాయ్ మళ్ళీ మ్యాప్ పెట్టాడు. "చరిత్ర చూస్తే ఉక్రెయిన్‌లో ఈ భూమంతా ఎవరిదిరా?" అని. యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ ఇదే గోల. సరే బాబాయ్, చోప్ ఎవరిదో చెప్పు చూద్దాం.

చోప్ ఉక్రెయిన్‌కి పడమటి కొసన ఉన్న ఊరు. జనం తొమ్మిది వేల లోపే. ఒక పక్క హంగేరీ, ఇంకో పక్క స్లొవాకియా. కీవ్ నుంచి రావాలంటే కార్పాతియన్ కొండలెక్కి దిగాలి. బుడాపెస్ట్ నుంచి వస్తే అంతా చదునైన నేలే, మధ్యలో టీసా నది ఒక్కటే అడ్డం. అంటే నేల చూస్తే హంగేరీ మైదానంలోనిది, జెండా చూస్తే కొండల అవతలి దేశానిది.

1870లలో ఇక్కడికి రైలొచ్చింది, ఊరు జంక్షన్ అయింది. దాని తలరాత అక్కడే మారిపోయింది. అప్పుడు ఆస్ట్రియా-హంగేరీ. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, 1920లో ట్రియనాన్ సంధితో చెకోస్లొవాకియా. 1938 నవంబర్‌లో జర్మనీ, ఇటలీ వియన్నాలో కూర్చుని హంగేరీకి ఇచ్చేశాయి. 1945లో సోవియట్, 1991లో ఉక్రెయిన్. ఇల్లు కదలకుండా ఐదు దేశాల్లో బతికిన ముసలాయన జోకు ఆ ప్రాంతమంతా చెప్పుకుంటారు. జోకే గానీ, లెక్క సరిపోతుంది.

జోకు కానిది 1944. సోవియట్ ఎర్రసైన్యం వచ్చాక అక్కడి హంగేరియన్, జర్మన్ మగవాళ్ళని, పద్దెనిమిది నుంచి యాభై ఏళ్ళ వాళ్ళని, "మూడు రోజుల చిన్న పనుంది" అని పిలిచి సోవియట్ లేబర్ క్యాంపులకి తోలారు. చాలామంది తిరిగి రాలేదు. "చరిత్ర చూస్తే" అనేవాళ్ళ మ్యాపుల్లో వీళ్ళు ఎక్కడా కనిపించరు. నాకు కోపం వచ్చేది అక్కడే.

జంక్షన్ సోవియట్‌కి పోయాక చెకోస్లొవాకియా తన వైపు చియెర్నా అనే చోట ఇంకో పెద్ద రైల్వే స్టేషన్ కట్టుకోవాల్సి వచ్చింది. 1968లో సోవియట్ అధినేత బ్రెజ్నెవ్, చెకోస్లొవాకియా నాయకుడు దూబ్‌చెక్ మాట్లాడుకుంది అక్కడే. సోవియట్ నాయకుల రైలు పొద్దున అటు వెళ్ళి, రాత్రయ్యేసరికి పడుకోడానికి సరిహద్దు దాటి ఇటు వచ్చేసేది! కొన్ని వారాలకే సోవియట్ ట్యాంకులు చెకోస్లొవాకియాలోకి వెళ్ళాయి.

ఇక పట్టాలు. ఉక్రెయిన్‌లో ఉన్న సోవియట్ గేజ్, అంటే పట్టాల మధ్య వెడల్పు, 1520 మిల్లీమీటర్లు, యూరప్‌ది 1435. తేడా 85, అంటే బెత్తెడు. ఆ బెత్తెడు కోసం చోప్‌లో పెట్టెలు ఒక్కొక్కటి జాకీలతో పైకెత్తి కింద బోగీలు మారుస్తారు. మనం బోగీ అంటే పెట్టె అనుకుంటాం గానీ, రైల్వే లెక్కలో అది కింద చక్రాలుండే ఫ్రేమ్. జనం లోపలే ఉంటారు. కిందనుంచి దడేల్మని చప్పుడు, పెట్టె మెల్లగా గాల్లోకి లేస్తుంది, పాత చక్రాలు దొర్లుకుంటూ పోతాయి, కొత్తవి వచ్చి చేరతాయి. మొన్న 2025 సెప్టెంబర్‌లో మాత్రం చోప్ నుంచి దగ్గర్లోని ఉజ్‌హొరొద్ నగరం దాకా 22 కిలోమీటర్లు యూరప్ గేజ్ లైన్ వేశారు. సరిహద్దు మీద ఎన్ని ఉపన్యాసాలిచ్చినా, ఎవరు ఎటు మొగ్గుతున్నారో పట్టాల వెడల్పు చూస్తే చాలు.

2022 ఫిబ్రవరిలో మన ఎంబసీ నోటీసులో "చోప్-జాహొనీ" (జాహొనీ అంటే నదికి అవతల హంగేరీ ఊరు) అని చూసినప్పుడు నాకూ ఇదేమీ తెలియదు. మా పిన్ని కొడుకు ఉజ్‌హొరొద్‌లో మెడిసిన్ చదివేవాడు. వాణ్ణి పంపిన కన్సల్టెన్సీ వాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు. ఇక్కడ పిన్ని అన్నం మానేసింది. వాడు నది దాటి జాహొనీ చేరాకే మెసేజ్ పెట్టాడు. ఇల్లు చేరాక, భయం సంగతి అడిగితే మాట దాటేసి, టైం గురించి చెప్పాడు.

"అన్నా, చోప్‌లో ఒకావిడని రైలెప్పుడని అడిగా. 'మీ టైమా, మా టైమా' అంది."

అక్కడ హంగేరియన్ మాట్లాడేవాళ్ళు చాలామంది ఇప్పటికీ బుడాపెస్ట్ టైం ప్రకారమే బతుకుతారు. కీవ్ కంటే గంట వెనక. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్ళ గోడ గడియారాలు రెండు టైములు చూపిస్తాయి. రైళ్ళేమో కీవ్ టైంకి బయల్దేరతాయి. పెళ్ళికి పిలిచినా, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలన్నా ముందు ఏ టైమో అడుగుతారు. దాని మీద ఎవరూ కొట్టుకోరు.

బాబాయ్ ఇంకా టైపింగ్ అనే చూపిస్తోంది.